చీమకుర్తి మెయిల్లో పొరపాటును ఇంగ్లీషులో చెప్పడం

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయిని ఎక్కువగా కొనే దేశాల్లో చైనా ఒకటి. ఒంగోలు చుట్టుపక్కల ఎగుమతి ఆఫీసుల్లో మెయిల్ రాసేవాళ్లకీ, అవతల చైనా రేవు పట్టణం షియామెన్‌లో దాన్ని చదివేవాళ్లకీ ఇంగ్లీషు సొంత భాష కాదు. అందుకే తేడా వచ్చిన రోజు క్రియ సరిగ్గా పడాలి. లేకపోతే తప్పు రాయిలో ఉందా, కాగితం మీద ఉందా అని తేలడానికే నాలుగు మెయిళ్లు పడతాయి.

మనం ఇడ్లీ చేసినా, పని చేసినా, తప్పు చేసినా ఒకటే ‘చేయడం’. ఇంగ్లీషులో పనికి ‘డూ’, తప్పుకు ‘మేక్’. కాబట్టి ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ కాదు, ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’. చైనా వాళ్ల ఇబ్బంది ఇంకో దారిలో వస్తుంది. తప్పు చేయడానికి వాళ్లు వాడే ‘ఫాన్’ అనే క్రియనే నేరం చేయడానికీ వాడతారు. దాన్ని అలాగే దించితే ‘కమిట్ ఎ మిస్టేక్’ అవుతుంది. మనవాళ్లూ హుందాగా ఉంటుందని అదే రాస్తారు. వ్యాకరణం ప్రకారం అది తప్పనలేం గానీ, కమిట్ వెంట మామూలుగా వచ్చేవి నేరం, హత్య, మోసం. ఇన్వాయిస్‌లో ఒక అంకె మారినందుకు అంత బరువైన మాట అక్కర్లేదు.

‘తప్పు జరిగింది’ అన్నదాన్ని ‘మిస్టేక్ హ్యాపెండ్’ అని రాయడం కూడా బాగుండదు. ఎవరి వల్లో ఇంకా తేలకపోతే ‘దేర్ హాజ్ బీన్ ఎ మిస్టేక్’ అనండి. మనదే అయితే ‘వి’ అని మొదలుపెట్టి ఒప్పుకోండి. ‘పొరపాటున’ అనడానికి ‘బై మిస్టేక్’ చాలు, ‘మిస్టేక్‌లీ’ అనే మాట ఇంగ్లీషులో లేదు.

అసలు పనికొచ్చేవి ‘మిస్’ ముందు తగిలిన క్రియలు. చైనా భాషలో చూడటం, వినడం లాంటి క్రియ వెనక ‘త్స్వో’ చేరిస్తే తప్పుగా చూడటం, తప్పుగా వినడం అవుతుంది: ఖాన్‌త్స్వో, థింగ్‌త్స్వో. ఇంగ్లీషు ఆ పనే ముందువైపు నుంచి చేస్తుంది. అందుకే ఈ మాటలు అవతలివాళ్లకు తొందరగా అందుతాయి. ఆర్డరు 3 సెంటీమీటర్ల పలకలకు, ప్యాకింగ్ లిస్టులో 2 అని ఉందనుకోండి. ‘వి మిస్‌టైప్డ్ ద థిక్‌నెస్’ అంటే రాయి బాగానే ఉంది, కాగితం మారిస్తే సరి. ‘వి మిస్‌రెడ్ ద థిక్‌నెస్’ అంటే ఆర్డరునే తప్పుగా చదివి 2కే కోసేశామని. కోసేసిన పలకను మందం పెంచలేం, కొత్తగా కోయాల్సిందే. ‘మిస్‌మెజర్డ్’ అంటే టేపు దగ్గర తేడా, ‘మిస్‌లేబుల్డ్’ అంటే స్టిక్కరు మారింది, ‘మిస్‌కౌంటెడ్’ అంటే పలకల లెక్క తప్పింది. ఒక్కో మాటకు ఖర్చు వేరు, దిద్దుబాటు వేరు. వీటన్నిటినీ ‘మిస్టేక్’ అనే ఒక్క మాటలో కలిపేస్తే, కొనేవాడు అన్నిటికన్నా చెడ్డదే ఊహించుకుంటాడు.

‘మిస్‌రీడ్’కు భూతకాలంలోనూ అవే అక్షరాలు, పలకడం మాత్రం ‘మిస్‌రెడ్’. ‘మిస్‌స్పెల్’లో రెండు ఎస్‌లు ఉండాలి. మిస్‌కు ఒకటి, స్పెల్‌కు ఒకటి.

‘మిస్టేక్’ కూడా క్రియే. ఒకదాన్ని ఇంకొకటి అనుకున్నామని చెప్పేటప్పుడు దాని వెంట ‘ఫర్’ రావాలి, భూతకాలం ‘మిస్టుక్’. ఏది ముందు రాయాలన్న తికమకకు తెలుగులోనే జవాబుంది. ‘ఉప్పును పంచదార అనుకున్నా’ అంటాం గదా, ‘ను’ తగిలిందే ముందు వస్తుంది: ‘ఐ మిస్టుక్ సాల్ట్ ఫర్ షుగర్’. ‘ఐ యామ్ మిస్టేకెన్’ అంటే నేను పొరబడ్డానని, నన్నెవరో అపార్థం చేసుకున్నారని కాదు.

పని పాడుచేయడం అనే అర్థంలో ‘మెస్ అప్’ ఆఫీసులో మనలో మనకు చెల్లుతుంది. ‘ఇట్’ వస్తే మధ్యలో పెట్టాలి: ‘వి మెస్డ్ ఇట్ అప్’. పొరపాటు పడటం అనే ‘స్లిప్ అప్’కు నేరుగా కర్మ రాదు, ‘స్లిప్ట్ అప్ ఆన్ ద డేట్’ అనాలి. ‘బాచ్’ అంటే పనితనం లేక పని చెడగొట్టడం, ఉదాహరణకు పాలిష్‌ను. ‘బ్లండర్’ మనం పప్పులో కాలేయడం లాంటిది. కొనేవాడికి రాసేటప్పుడు మన పని మీద మనమే ఆ ముద్ర వేయక్కర్లేదు. ‘మెస్ అప్’ అర్థమే ఉన్న ‘స్క్రూ అప్’ మొరటు మాట, బయటికి వెళ్లే మెయిల్లో వద్దు.

అన్నిటికన్నా భయపడాల్సింది ‘ఓవర్‌లుక్’ దగ్గర. పైపైన చూడటమో, పర్యవేక్షించడమో అనుకుని ‘ప్లీజ్ ఓవర్‌లుక్ ది అటాచ్డ్ డ్రాఫ్ట్’ అని రాస్తారు. దానర్థం ‘జత చేసిన డ్రాఫ్టును పట్టించుకోకండి’ అని. చూసి చెప్పమనడానికి ‘లుక్ ఓవర్’, దగ్గరుండి పని చేయించడానికి ‘ఓవర్‌సీ’. మన కంట పడకుండా పోయినదానికి మాత్రమే ‘వి ఓవర్‌లుక్డ్’ అని రాసి, పక్కనే ఆ వస్తువు పేరు పెట్టండి: ‘వి ఓవర్‌లుక్డ్ ద క్రాక్ ఇన్ బ్లాక్ నంబర్ 14’.