రెండూ ఎడమ చేతులే

మా పెద్దది నాలుగో క్లాసు. నేను ఇంట్లో మిషను మీద బ్లౌజులు కుడతాను. సాయంత్రం ఆరు దాటితే కటింగ్ బల్లకి ఒక చివర నా గుడ్డలు, ఇంకో చివర దాని లెక్కల షీట్లు. మల్కాజిగిరిలో మా రెండు గదుల ఇంట్లో ఇంకో బల్ల వేసే చోటు లేదు.

పోయిన వారం సౌష్ఠవం షీటు వచ్చింది. వాళ్లది ఇంగ్లిష్ మీడియం, సిమెట్రీ అంటారు. దీర్ఘచతురస్రానికి ఎన్ని సౌష్ఠవ రేఖలు (మడిస్తే రెండు సగాలూ సరిగ్గా కలిసే గీతలు) అంటే నాలుగు అని రాసింది. ఇదివరకైతే రబ్బరుతో చెరిపి రెండు అని రాయించేదాన్ని. ఈసారి "నాలుగు ఎట్లా వచ్చాయి, గీసి చూపించు" అన్నాను. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, మూల నుంచి మూలకి రెండు గీసింది. పొడుగ్గా మిగిలిన లైనింగు ముక్క ఒకటి ఇచ్చి ఐమూలగా మడవమన్నాను. అంచులు కలవలేదు, మూలలు చెవుల్లా బయటికొచ్చాయి. చతురస్రం ముక్క ఇస్తే మడత సరిగ్గా కూర్చుంది.

రెండు గీతలు చెరిపేసి ఊరుకుంటుందనుకున్నాను. "కానీ అమ్మా, ఐమూలగా కోస్తే రెండు ముక్కలూ సమానమే కదా?" అంది. కోసి చూశాం. నిజమే, ఒకే కొలత త్రిభుజాలు. అయితే ఒకదాని మీద ఒకటి సరిపోవాలంటే మడిస్తే కుదరదు, బల్ల మీదే ఒక ముక్కని సగం చుట్టు తిప్పాలి, అంటే 180 డిగ్రీలు. దాని తప్పు జవాబులో ఇంత ఆలోచన ఉందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ రబ్బరుతో ఎన్ని చెరిపేశానో అనిపించి మనసు చివుక్కుమంది.

సమానంగా ఉన్నవన్నీ అద్దంలో బొమ్మలు కావని నాకు తెలిసింది ఒక పట్టు బ్లౌజు పాడైనప్పుడు. పని నేర్చుకున్న కొత్త. గుడ్డ తక్కువగా ఉందని మడత వేయకుండా చేతులు ఒక్కొక్కటిగా కోశాను. పేపర్ కటింగు ఒకే వైపు పెట్టి రెండుసార్లు గీశాను. కొలతలో నూలు పోగంత తేడా లేదు. కుట్టబోతే రెండూ ఎడమ చేతులే! చేతి ముక్కకి చంక దగ్గర ముందు వైపు కొంచెం లోతు తీస్తాం, వెనక వైపు తక్కువ. అందుకే దానికి కుడి ఎడమలుంటాయి. బల్ల మీద ఎన్ని డిగ్రీలు తిప్పినా ఎడమది కుడిది కాదు. తిరగేస్తే అవుతుంది, కానీ ఆ పట్టుకి సీదా ఒక వైపే, ఉల్టా బయటికొస్తుంది. ఆ గుడ్డ డబ్బులు నేనే కట్టుకున్నాను. అప్పటి నుంచి సీదా వైపులు ఎదురెదురుగా ఉండేలా మడిచి, రెండు పొరలూ కలిపే కోస్తాను. కుడీ ఎడమా వాటంతట అవే వస్తాయి. ఈ సంగతి చెబితే పిల్ల పాత న్యూస్ పేపర్ మీద రెండు ఎడమ చేతులు కోసి, అరగంట సేపు తిప్పుతూ, తిరగేస్తూ కూర్చుంది. అన్నం తినమన్నా లేవలేదు.

కోణాల్లో ఇంకో రకం. రెండు కోణాల్లో ఏది పెద్దదంటే గీతలు పొడుగున్నదే పెద్దదంది. నా పెద్ద కత్తెర కొంచెం తెరిచి, దారం తెంచే చిన్న కత్తెర బాగా తెరిచి పక్కపక్కన పెట్టాను. కాసేపు చూసి తనే దిద్దుకుంది. కోణమానితో మాత్రం 60 ఉన్న చోట 120 చదివేది, దాని మీద అంకెలు రెండు వరుసలుంటాయి కాబట్టి. ఏదైనా చిత్తు కాగితం ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేలా ఇంకోసారి మడిస్తే మూల లంబకోణం. ముందు ఆ మూల పెట్టి తక్కువో ఎక్కువో చూసుకుని, తర్వాతే అంకె చదవమన్నాను. 120 మళ్లీ రాలేదు. పత్తర్‌గట్టికి లేసు కొనడానికి పోయినప్పుడు చార్మినార్ చుట్టూ నడిపించాను. 1591లో కట్టినది, నాలుగు వైపులా ఒకేలాంటి నాలుగు కమాన్లు. పావు చుట్టు నడిచిన ప్రతిసారీ "మళ్లీ 90" అని లెక్కపెట్టింది.

చిన్నోడు ఒకటో క్లాసు, ఫోర్టీన్ అంటే 41 రాస్తాడు. వాడికి ముందు వినబడేది ఫోర్ మరి. "పద్నాలుగులో ముందు ఏముంది?" అంటే "పది" అని, 1 ముందు రాస్తున్నాడు. ఇంగ్లిష్ మీడియమైనా ఇంట్లో తెలుగులో అంకెలు చెప్పడం వదలకూడదని నా గట్టి నమ్మకం.

ఆదివారం మా అత్తమ్మ వాకిట్లో ముగ్గుకి చుక్కలు పెట్టింది. నడుమ 7, సందు చుక్క, 4 వచ్చే దాకా. ఆమె బడికి పోలేదు. పిల్ల 6, 5, 4 కలిపితే 15, రెండు వైపులా 30, నడుమ 7, మొత్తం 37 అని చెప్పింది. మడత గీతలు ముందు రెండే దొరికాయి. "ఒక్క దగ్గరే నిలబడితే ఎట్లా బిడ్డా, చుట్టూ తిరిగి చూడు" అంది అత్తమ్మ. తిరిగితే ఆరు దొరికాయి.

అత్తమ్మ ఆ చుక్కల మీద ఆరు రేకలు వేసింది, అన్నీ ఒకే వైపు వంగి, చక్రం తిరుగుతున్నట్టు. ఇప్పుడెన్ని రేఖలని అడిగాను. పిల్ల చాలాసేపు చూసింది.

"ఒక్కటీ లేదమ్మా. ఇవన్నీ ఎడమ చేతులే."