లెట్రోజోల్ గోలీల గురించి

మా చెల్లెలికి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య) ఉంది. పెళ్లయి నాలుగేళ్లు. ఉండేది దేవరకొండలో. మొన్న నల్లగొండలో డాక్టరమ్మ పిల్లలు పుట్టడం కోసం లెట్రోజోల్ రాసిచ్చింది. ఫోన్‌లో వెతికితే రొమ్ము క్యాన్సర్ మందు అని వచ్చింది. ఇక ఒకటే టెన్షన్. "అక్కా, నాకేదో దాస్తున్నారు" అని ఏడ్చింది.

ఆ భయం ఊరికే రాలేదు. అది నిజంగానే క్యాన్సర్ కోసం వచ్చిన మందు. పుట్టే పిల్లలకు లోపాలొస్తాయేమోనని మన దేశంలో 2011లో సంతానం కోసం వాడకుండా ఆపేశారు, 2017లో మళ్లీ అనుమతించారు. మధ్యలో 2014లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. పీసీఓఎస్ ఉన్న 750 మందిలో దాదాపు సగం మందికి లెట్రోజోల్, మిగతావాళ్లకు పాత మందు క్లోమిఫీన్. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టర్లకూ తెలియదు. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. పిల్లల్లో లోపాల విషయంలో రెండింటికీ తేడా ఉందని తేలలేదు. ఎక్కడో ఉన్న ఆ ఆడవాళ్లు ఒప్పుకుని చేరబట్టే కదా ఇవాళ నా చెల్లెలికి ధైర్యం చెప్పగలిగాను! ఐదు నెలల దాకా వాడినా చాలామందికి ఫలించలేదన్నది కూడా దాచకుండా చెప్పాను.

ఆ పరిశోధనలో చేర్చుకునే ముందే భర్తల వీర్యకణాల సంఖ్య కూడా చూశారు. మా ఇంట్లో ఇన్నాళ్లూ స్కానింగులు, రక్త పరీక్షలు, మొక్కులు అన్నీ చెల్లెలికే. నాకు చాలా బాధేసింది. వాళ్ల అత్తమ్మతో నేనే మాట్లాడాను. "మగపిల్లగానికి పరీక్షలెందుకు బిడ్డా" అంది మొదట. చాలాసేపు చెప్పాక ఒప్పుకుంది. సోమవారం చెల్లెలు, తన భర్త ఇద్దరూ కలిసి వెళ్తున్నారు.