శేషాచలం వెనకవైపు, సైకిల్ మీద

తిరుపతి వాళ్లకి కొండ అంటే ఉత్తరం. మా మిద్దె మీద నుంచి చూసినా, బడి మైదానంలో నిలబడి చూసినా ఎదురుగా అదే ఎర్రటి రాతి గోడ. రాత్రయితే దాని మీద ఘాట్ రోడ్డు దీపాలు. ఆదిశేషుడి తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని అమ్మమ్మ చెప్పేది. తల దగ్గర కాపురముంటూ మిగతా ఒంటిని సరిగ్గా చూడలేదన్న వెలితి నాకు చాలా ఏళ్లుగా ఉంది. బస్సులో పోతే చూసినట్టు కాదు. అందుకే సంక్రాంతి సెలవుల్లో, కనుమ మరునాడు, కొండకి పడమటగా చుట్టు తిరిగి తలకోన జలపాతం దాకా సైకిల్ మీద వెళ్లొచ్చాను.

తోడు వచ్చింది మా పక్కింటి అన్న. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మదనపల్లె సర్వీసుల మీద భాకరాపేట ఘాట్ ఏళ్ల తరబడి ఎక్కి దిగిన మనిషి. నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఆయనకు నేను టీచరమ్మను. పోను సుమారు 60 కిలోమీటర్లు, రాను అంతే. చీకటితోనే బయలుదేరాం గానీ, ఘాట్ మొదలయ్యేసరికి బాగా తెల్లారాలని అన్న ముందే లెక్క వేశారు. ఆ అడవిలో ఏనుగులు తిరుగుతుంటాయి.

తొండవాడ దగ్గర స్వర్ణముఖిలో భీమా, కల్యాణి వచ్చి కలుస్తాయి. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి. అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం దాకా రోడ్డు చదునుగా ఉంటుంది, మాట్లాడుకుంటూ తొక్కొచ్చు. మంగాపురం దాటేటప్పుడు కుడివైపు శ్రీవారి మెట్టు లోయ కనిపిస్తుంది. 2021 నవంబరు వానలకు ఆ మెట్ల దారి దెబ్బతింది. మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. ఆ వానల్లోనే కల్యాణి డ్యాం గేట్లు ఎత్తారు, స్వర్ణముఖి ఊళ్ల మీదకి వచ్చింది. మామూలు రోజుల్లో ఇసుక తప్ప ఏమీ కనపడని ఈ ఏటికి అంత నీళ్లు ఎక్కడివో ఇక్కడికి వస్తే తెలుస్తుంది. చుట్టూ ఉన్న ప్రతి కొండ మడతలోంచీ ఒక వంక దిగుతోంది. అన్ని వంకలూ ఇటే.

సూర్యుడు వచ్చాక కొండ అంచు స్పష్టమైంది. ఇక్కడ కాసేపు ఆగాను, అన్న విసుక్కోలేదు. కింద వాలుగా, గుండ్రటి బండలతో ఉన్నది గ్రానైటు. పైన నిలువుగా కోసినట్టున్న ఎర్ర గోడ క్వార్ట్‌జైటు. ఈ రెండూ కలిసే చోటును తిరుమల ఘాట్ రోడ్డు పక్కన జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. కింది రాయికీ పై రాయికీ మధ్య వయసులో సుమారు 80 కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది. కొండకి వెళ్లే వేలాది మంది రోజూ ఆ గీత మీదుగానే పోతారు. మా పిల్లలకి పాఠంలో ఇది ఎందుకు లేదని నాకు నిజంగా బాధ.

రంగంపేటలో ఇడ్లీ, కారం. ముందురోజే పశువుల పండగ జరిగింది. ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకల ముక్కలు, రంగు కాగితాలు ఇంకా వీధిలో పడున్నాయి. హోటల్లో మాటలన్నీ ఎవరి ఎద్దు పలక ఎవరు గుంజారన్న దాని మీదే.

ఆ తర్వాత ఘాట్. నా సైకిల్‌కి ముందు చిన్న చైన్ వీల్ 28 పళ్లు, వెనక పెద్దది 34. ఆ గేరులో పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పినా వెనక చక్రం ఒక చుట్టు కూడా తిరగదు. బలం తక్కువ పెట్టాలంటే ఎక్కువసార్లు తొక్కాలి, అంతే. పని మాత్రం అంతే ఉంటుంది. బోర్డు మీద వెయ్యిసార్లు రాసిన సంగతి తొడల్లోకి దిగింది ఆ పూటే. అన్న మాత్రం కూర్చున్న చోటి నుంచి లేవకుండా, మలుపుల్లో బయటి అంచుకు జరిగి తొక్కుతూ పోయారు. లోపలి అంచులో ఏటవాలు ఎక్కువ. బస్సుతో నేర్చుకున్న విద్య సైకిల్‌కీ పనికొచ్చింది. అయితే వెనక నుంచి లారీ హారన్ వినపడితే ఎడమకి వచ్చేయాల్సిందే, అక్కడ వాదన లేదు.

ఒక మలుపు దగ్గర ఆయన దిగి సైకిల్ నిలబెట్టారు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రిపూట ఈ ఘాట్‌లోనే లోయలో పడింది. అన్న చేతులు జోడించి కాసేపు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తర్వాత ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు.

అడవిలో ఎర్రచందనం గుర్తుపట్టడం నేర్పింది కూడా ఆయనే. నల్లటి బెరడు గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది, ఈనెకు మూడేసి గుండ్రటి ఆకులు. నేలమట్టం దాకా నరికిన మొదళ్లు కూడా చూశాం. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన చుట్టుపక్కల కొండల్లోనే. ఆ మొదళ్లు చూస్తే కోపం వస్తుంది, రావాలి కూడా.

భాకరాపేటలో టీ కొట్టు అక్క నన్ను పైనుంచి కిందకి చూసింది.

"యాడ నుంచి వస్తాండావు మ్మా?"

"తిరుపతి నుంచక్కా."

"సైకిల్లోనా! గాటెక్కి?" అని టీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. డబ్బులు తీసుకోనంది. అన్న బలవంతంగా డబ్బా మీద పెట్టి వచ్చారు.

నెరబైలు దాటాక రోడ్డు సన్నబడి మామిడి తోటల మధ్య నుంచి పోతుంది. మధ్యాహ్నానికి తలకోన. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర సైకిళ్లు తాళం వేసి జలపాతానికి నడిచాం. 270 అడుగుల ఎత్తు అంటారు. జనవరి కాబట్టి నీళ్లు పలచగా పడుతున్నాయి. తల వంచి ఆ ధార కింద నిలబడితే మెడ మీద నొప్పి మొత్తం పోయింది. తిరుమల మీద చూసే అదే ఎర్ర రాయి ఇక్కడ తడిసి ఇంకా ఎర్రగా ఉంది. ఇదీ ఆ కొండే. ఇక్కడ క్యూ లేదు, గోవింద నామం లేదు, కోతులు మాత్రం ఉన్నాయి. కట్టుకొచ్చిన రాగి సంకటి, చెనిక్కాయల ఊరిబిండి తిని గంట పడుకున్నాం.

తిరుగు దారిలో అసలు కష్టం దిగుడు. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాల అని డ్రైవర్ల మాట. సైకిల్‌కి ఇంజనే లేదు కాబట్టి పట్టి ఆపేదంతా బ్రేకే. నేనూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే, 100 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 78 వేల జౌళ్ల శక్తి. గ్లాసుడు చల్లటి నీళ్లు మరగడానికి ఆ వేడి చాలు. వేగం పెరగనివ్వకుండా దిగితే దాంట్లో చాలాభాగం బ్రేకు రబ్బర్ల దగ్గరే తేలుతుంది. అందుకే గట్టిగా పట్టుకుని కూర్చోకుండా పట్టి వదిలి, పట్టి వదిలి దిగాం. మధ్యలో రెండు చోట్ల ఆగి రిమ్ముకి వేలు ఆనించి చూశాను. చుర్రుమంది. చల్లారేదాకా కదలొద్దని అన్న ఆర్డర్.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం. బడి తెరిచాక తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఈ లెక్క బోర్డు మీద వేస్తే, మమ్మల్నీ తీసుకెళ్లండి టీచర్ అని పట్టుకున్నారు. ఘాట్‌కి కాదు, ముందు కల్యాణి డ్యాం దాకా అని ఒప్పించాను. తల్లిదండ్రుల సంతకాల కాగితం తయారైంది. వచ్చే ఆదివారం బడి గేటు దగ్గర పిల్లల సైకిళ్ల బ్రేకులన్నీ అన్నే చూస్తానన్నారు. రబ్బర్లు అరిగిపోయిన సైకిల్‌ని మాత్రం కదలనివ్వనని కూడా ఇప్పుడే చెప్పేశారు.