అరకు రైల్లో మావాడి పుట్టినరోజు

అరకు వెళ్లాలంటే రైల్లోనే వెళ్లాలి. చిన్నపిల్లలుంటే మరీను. కారైతే ఘాట్ మలుపుల్లో వాంతులు. రైలైతే కిటికీ ఉంటుంది, అటూ ఇటూ తిరగడానికి చోటుంటుంది, పలకరించడానికి మనుషులుంటారు. మా ఆయన విస్టాడోమ్ అద్దాల పెట్టెలో వెళ్దామన్నారు కానీ సీట్లు దొరకలేదు. ఐదేళ్లు నిండిన పిల్లలకి సీటు కావాలంటే 2016 నుంచి పెద్దవాళ్లతో సమానంగా పూర్తి చార్జీ. పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోని ఆరేళ్ల పిల్లకి పూర్తి టికెట్టా అని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. చివరికి విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌లో మామూలు పెట్టె ఎక్కాం.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. ఈ లైనులో 58 సొరంగాలున్నాయని చెప్పగానే మా అమ్మాయి వాటిని లెక్కపెట్టే పని తన మీద వేసుకుంది. మూడేళ్ల మావాడికి మాత్రం సొరంగం అంటే ఏమిటో తెలియదు.

శృంగవరపుకోటలో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. మొదటి సొరంగంలోకి రైలు వెళ్లగానే పెట్టెలో ఉన్న కుర్రాళ్లంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. మావాడు భయపడతాడేమోనని గట్టిగా పట్టుకున్నాను. వాడు నా ఒళ్లో తల పెట్టి, “రాత్రయిపోయింది, అందరూ పడుకోండి” అన్నాడు. వెలుగు రాగానే లేచి కూర్చుని, “తెల్లారింది. ఇడ్లీ పెట్టు” అన్నాడు.

పెట్టాను. కాసేపటికి ఇంకో రాత్రి, ఇంకో తెల్లవారు, ఇంకో ముక్క ఇడ్లీ. ఎదురు సీటావిడ నవ్వి, “ఏటిరా బాబూ, నీకు ఇన్ని రాత్రులేటి?” అంది. “నువ్వు కూడా పడుకో మామ్మా” అన్నాడు. ఆవిడ నిజంగానే కొంగు తల మీద కప్పుకుని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత పక్క సీట్లవాళ్లు కూడా చీకటి పడితే గురక పెట్టడం, వెలుగొస్తే ఆవులిస్తూ లేవడం. మా అమ్మాయికే కోపం. కళ్లు మూసుకోమని తమ్ముడు పట్టుబడుతుంటే లెక్క తప్పిపోతోందట.

“పది!” అని అది అరిచింది చూడండి, అక్కడ వచ్చింది అసలు సంగతి. మావాడు సీటు మీద నిలబడి, “ఇవాళ నా పుట్టినరోజు!” అని ప్రకటించాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బయల్దేరే ముందు రాత్రి పుట్టినరోజు ఎప్పుడని అడిగితే, ఇంకో పదిసార్లు పడుకుని లేస్తే వస్తుందని చెప్పాను. నేను చెప్పినట్టే వాడు పదిసార్లు పడుకున్నాడు, పదిసార్లు లేచాడు. వాడి లెక్కలో తప్పెక్కడుంది? పెట్టె అంతా చప్పట్లు కొట్టింది. ఆ పెద్దావిడ సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టి, “నూరేళ్లు సల్లగుండు నాయనా” అని తల నిమిరింది. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. పేరు కూడా తెలియని మనిషి కదా!

చిమిడిపల్లి దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి “ఇరవై తొమ్మిది, ఇరవై పది” అంటోంది. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాలనేసరికి ఒకటే ఏడుపు. “ఇంకా 58 రాలేదు. మిగతావి ఎవరు లెక్కపెడతారు?” దానికి అన్నం, నీళ్లు, గుహలు ఏవీ పట్టలేదు. ఆ పెద్దావిడే కిటికీలోంచి, “నాను అరకు దాకా ఎల్తానమ్మా, లెక్కెడతాన్లే” అని మాటిచ్చింది. “నాకెలా చెప్తావు?” అని ఇది ప్లాట్‌ఫారం మీద రైలు వెంబడే నడిచింది. జవాబు వచ్చేలోపు రైలు కదిలిపోయింది.

బొర్రా గుహల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! రంగు లైట్లు, తడి మెట్లు, జనం. లోపలికి వెళ్లినకొద్దీ మావాడు బిగుసుకుపోయి, “ఇక్కడ ఎప్పుడు తెల్లారుతుంది?” అని ఆగకుండా అడిగాడు. అరకులో గిరిజన మ్యూజియం చూశాం, కాఫీ తాగాం. వెనక్కి బస్సులో అనంతగిరి మీదుగా వచ్చాం. సొరంగాల దారిన రానందుకు అమ్మాయి నాతో శృంగవరపుకోట దాకా మాట్లాడలేదు.

అసలు పుట్టినరోజు నాడు ఇంటికొచ్చిన మా మామయ్యగారు ఎన్నేళ్లొచ్చాయిరా అని అడిగితే వాడు ఐదు వేళ్లూ చాపాడు. నాలుగే కదా నాన్నా అన్నాను.

“నాలుగు రైల్లో వచ్చేసింది కదమ్మా” అన్నాడు.