ఎదురుగాలికి ముందు, భీమిలి దాకా

మన బడి రీయూనియన్ సంచికలో అందరూ క్లాస్‌రూమ్ కబుర్లు, యాన్యువల్ డే కబుర్లు రాస్తారు కదా, నేను మాత్రం మా సోషల్ మాస్టారు మమ్మల్ని సైకిళ్ల మీద భీమిలి తీసుకెళ్లిన రోజు గురించే రాస్తా, సముద్రం పక్కనే పుట్టి పెరిగినా దాని గురించి నాకు నిజంగా తెలిసింది ఆరోజే.

తొంభైల మాట ఇది. టెన్త్ పరీక్షలు అయిపోయాయి, ఏప్రిల్ నెల. సగంమందికి సొంత సైకిల్ లేదు, పెదవాల్తేరులో అద్దెకి తెచ్చుకున్నారు, క్యారేజీలకి ట్యూబు ముక్కలతో పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు కట్టేసి చీకటుండగానే విశాఖ ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరాం. కురుసుర సబ్‌మెరైన్ అప్పటికింకా ఒడ్డుకి రాలేదు, అది మ్యూజియం అయింది 2002లో. లాసన్స్ బే, తెన్నేటి పార్కు దాటి కైలాసగిరి కిందకొచ్చేసరికి తెల్లారింది, ఎడమపక్క కొండ, కుడిపక్క సముద్రం, మధ్యలో సన్నటి రోడ్డు, ఆ ముక్క తొక్కుతుంటే కలిగిన ఆనందం ఇప్పటికీ కార్లో పోతే రాదు.

రుషికొండ దాకా ఎవరికీ కాళ్లు నొప్పెట్టలేదు. అక్కడ ఆపి మాస్టారు అన్నారు, "మీ బలం అనుకుంటున్నారేటిరా? వెనకాల గాలి. ఈ గాలే అలల్ని ఏటవాలుగా తోస్తాది, అల ఏటవాలుగా ఎక్కుతాది, తిన్నగా దిగిపోతాది, దిగినప్పుడల్లా ఇసక కొంచెం భీమిలి వైపు జరుగుతాది. మీరూ ఇసకా ఒకే దారి." నమ్మకపోతే చూడండని ఎండు కొబ్బరికాయ ఒకటి నీళ్లలోకి విసిరించారు, అది ఊగుతూ ఊగుతూ మేం వెళ్లే వైపే జరిగింది, మేం దానెంట ఒడ్డున నడుస్తూ అరుపులు. మంగమారిపేటలో ఒడ్డునించి అలివి వల లాగుతున్న వాళ్లు కూడా వల దించినచోట కాకుండా చాలా భీమిలి వైపుకి జరిగి లాగుతున్నారు, మాస్టారు ఏమీ అనలేదు, మాకే అర్థమైపోయింది.

తొట్లకొండ ఎక్కి బౌద్ధుల స్తూపం, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు చూశాం, ఎండెక్కుతోందని తొందరగా దిగిపోయాం.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు. సముద్రం ఒడ్డున తెల్లిసక ఉండాలి గానీ ఈ ఎరుపేంటని అడిగితే, వేల ఏళ్లకింద మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసకని గాలి ఇక్కడికి పోగేసిందని, అందులో ఇనుము తుప్పుపట్టి రంగొచ్చిందని, తర్వాత వానలు కోసి ఈ లోయలు చేశాయని చెప్పారు. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో కూడా ఉన్నాయి. ఇప్పుడు జియలాజికల్ సర్వే (జీఎస్ఐ) వాళ్లు జియో హెరిటేజ్ సైట్‌గా, అంటే కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలంగా గుర్తించారు, అయినా చుట్టూ కట్టడాలు దగ్గరికొస్తుంటే చాలా బాధేస్తుంది, ఒకసారి చదును చేస్తే అది మళ్లీ తయారయ్యేది కాదు.

భీమిలిలో ముంజలు తిని, డచ్చివాళ్ల సమాధులు చూసి గోస్తనీ నోటి దగ్గరికెళ్లాం. బొర్రా గుహల మీదుగా దిగొచ్చిన నది, ఎండాకాలం కదా నీళ్లు తక్కువ, దానికి అడ్డంగా ఇసక మేట. పొద్దున్నించీ మాతో వచ్చిన ఇసక ఇదేరా అన్నారు మాస్టారు. ఇలాంటి మేటే మైళ్లకి మైళ్లు పెరిగి కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అయిందట, అది గోదావరి ఇసక, తుఫానొస్తే అలల దెబ్బ ముందు తను తిని కాకినాడ రేవుని కాస్తుంది. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట కూడా అలాంటి అడ్డుగోడ లంకే. మ్యాప్‌లో సన్నటి గీతలా కనిపించే దాని వెనక ఎన్ని ఊళ్లు బతుకుతున్నాయో అప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణం అంతా ఎదురుగాలి. పొద్దున తోసిన గాలే సాయంత్రం ఛాతీమీద చెయ్యేసి ఆపింది, ఒకరి వెనక ఒకరం వరసగా, ముందున్నవాడు అలిసిపోతే వెనక్కొచ్చేవాడు, మాస్టారే ఎక్కువసేపు ముందున్నారు.

తర్వాత ఆర్కే బీచ్ కోతకి గురైందని పేపర్లో చూసినప్పుడల్లా ఆ కొబ్బరికాయే గుర్తొస్తుంది. దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసకని విశాఖ రేవు ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు, అంటే అలల్ని ఆపే రాతిగట్లు, ఆపేస్తాయి, అందుకే డ్రెడ్జర్లతో తవ్వి తీసి మళ్లీ బీచ్‌లో పోయాలి. మా పిల్లలకి ఇదంతా గట్టున నిలబెట్టే చెప్పాను.

రీయూనియన్‌కి వచ్చేవాళ్లు ఒకరోజు ముందే రండి, పొద్దున్నే భీమిలి వెళ్దాం, ఎండెక్కితే ఎదురుగాలి ఉంటుంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు సైకిళ్లు వ్యాన్‌లో ఎక్కించే ఏర్పాటు నేను చూస్తా.