చెవికి నేర్పిన చదువు: హామ్ రేడియో లైసెన్సు కోసం నా అనుభవం

సెల్‌ఫోను టవరు గానీ ఇంటర్నెట్టు గానీ మధ్యలో లేకుండా, ఒకరి ఇంటి మీది తీగ నుంచి బయలుదేరిన రేడియో తరంగాన్ని వందల మైళ్ల అవతల ఇంకొకరు తమ ఇంట్లో కూర్చుని అందుకుని, బదులు చెప్పడాన్ని అమెచ్యూర్ రేడియో అంటారు. వాడుకలో దాని పేరు హామ్ రేడియో. ఇది వ్యాపారమూ కాదు, ఉద్యోగమూ కాదు. ఇష్టం కొద్దీ చేసే పని. అయినా గాలిలోకి తరంగం వదలాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ పెట్టే పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందాలి. పన్నెండేళ్లు నిండిన వారెవరైనా ఆ పరీక్షకు కూర్చోవచ్చు. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నేను, ప్లస్ టూ చదివే రోజుల్లో ఈ విద్య మీద మనసు పడి, డిగ్రీలో ఉండగా లైసెన్సు తెచ్చుకున్నాను. మా వైపు తెలుగు పిల్లలకు ఇటువంటి దారి ఒకటున్నదని చెప్పేవారు తక్కువ కాబట్టి, ఏ మెట్టు దగ్గర ఏది ఎదురయిందో వివరంగా రాస్తున్నాను.

ఈ ఆసక్తి నాకు ఫోనులోనే పుట్టింది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఒక రేడియో రిసీవరును ఇంటర్నెట్టుకు కలిపి, ఎవరైనా వినేటట్టు అందరికీ తెరిచి ఉంచారు. వెబ్ ఎస్‌డీఆర్ అనే ఆ పేజీలో తెర మీద వేలితో జరుపుకుంటూ పోతే, 29 మెగాహెర్ట్జ్ వరకూ ఆ ఊరి ఏరియల్‌కు తగిలే స్టేషన్లన్నీ మన ఊళ్లో మన ఫోనులో వినవచ్చు. ఒకే రిసీవరులో వందలమంది తలా ఒక చోట వినగలుగుతారు, ఎందుకంటే అక్కడ స్టేషనును విడదీసేది తిప్పే మీట కాదు, కంప్యూటరు చేసే లెక్క. భౌతికశాస్త్రంలో తరంగాల పాఠం కోసం వెతుకుతూ నేను అక్కడికి చేరాను. కిందికి జారుతున్న రంగుల పట్టీలో సన్నని తెగిన గీతలు కనిపించాయి. వాటిని తాకితే పొడుగూ పొట్టీ శబ్దాలు వినిపించాయి. అది మోర్సు సంకేతమనీ, చాలా చోట్ల దాన్ని ఇప్పటికీ మనుషులే చేత్తో కొట్టి పంపుతున్నారనీ తెలిసిన తరువాత, రాత్రి చదువు ముగించి అదే వినడం నాకు అలవాటయింది.

ఇంట్లో వారికి ఇది నచ్చలేదు. ఆడపిల్ల అర్ధరాత్రి దాకా చెవిలో తీగ పెట్టుకుని కూర్చుంటే అమ్మకు భయం వేయడం సహజమే. “ఆ కీచుకీచుల్లో ఏముందమ్మా, కళ్లు పోతాయి, పడుకో” అనేది. ఫోను పిల్లలను పాడుచేస్తుందని మా పేటలో అనని పెద్దలు లేరు. ఆ మాటలో కొంత నిజం ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. కాని అదే ఫోను ఒక విద్య వాకిలి దాకా నన్ను తీసుకువచ్చిందని వారికి చెప్పడానికి నా దగ్గర గట్టి ఆధారం ఒకటి ఉండేది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను మా జిల్లాను ఎంత దెబ్బ తీసిందో మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి, కొండ ఊళ్లలో ఉన్న బంధువుల క్షేమం తెలియక నాన్నగారు బస్టాండు చుట్టూ తిరిగారు. 1999 పెను తుపాను నాడు ఒడిశా తీరంలో టెలిఫోన్లు తెగిపోయినప్పుడు, హామ్ రేడియో వారు బ్యాటరీలూ ఏరియళ్లూ పట్టుకుని వచ్చి వార్తలు చేరవేశారని చదివి వినిపించాను. నాన్నగారు ఆ రోజు చాలాసేపు ఏమీ అనలేదు. మరునాటి నుంచి ఫోను లాక్కోవడం మాత్రం మానేశారు.

పరీక్షలో రెండు తరగతులున్నాయి. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు రాత పరీక్ష చాలు. జనరల్ గ్రేడుకు రాత పరీక్షతో పాటు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్సు విని రాయాలి, అదే వేగంతో కొట్టి పంపాలి. మాట అంటే ఇక్కడ ఐదు అక్షరాలు. మోర్సు లేకుండా తేలికగా లైసెన్సు దొరికే దారి ఉండగా ఆ కష్టమెందుకని స్నేహితురాళ్లు అడిగారు. నన్ను ఈ విద్యకు కట్టిపడేసింది ఆ శబ్దమే గనుక, నేను జనరల్ గ్రేడుకే సిద్ధపడ్డాను.

మా వీధి చివర ఉండే తాతగారు తపాలా తంతి శాఖలో పనిచేసి విరమించినవారు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రామ్ సేవ మూతపడిన నాటికే ఆయన ఇంటిపట్టున ఉన్నారు. నేను వెళ్లి అడిగితే ముందు నమ్మలేదు. తరువాత ఒక పెన్సిలు తీసుకుని బల్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. “మా కాలంలో ఈ కూత ఉండేది కాదు తల్లీ. ఇత్తడి సౌండరు టక్కు టక్కుమనేది. రెండు టక్కుల మధ్య ఎడాన్ని బట్టి చుక్కో గీతో తెలుసుకునేవాళ్లం” అన్నారు. చుక్కలూ గీతలూ కాగితం మీద చూసి బట్టీ పట్టేవారు నాలుగైదు మాటల వేగం దగ్గరే ఆగిపోతారని ఆయన హెచ్చరించారు, ఎందుకంటే అప్పుడు చెవి విన్నదాన్ని కన్ను మళ్లీ తర్జుమా చేసుకోవలసి వస్తుంది. నేను నెట్టులో అభ్యాసం చేస్తున్న, కాఖ్ అనే జర్మనీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడి పేరు మీది పద్ధతి కూడా అదే చెబుతుంది. మొదటి రోజు నుంచీ అక్షరాన్ని పూర్తి వేగంతోనే వినిపిస్తారు. కె, ఎమ్ అనే రెండక్షరాలతో మొదలుపెట్టి, అవి నూటికి తొంభై వంతులు తప్పులేకుండా వచ్చాకే మూడోది చేరుస్తారు. ఆ శాస్త్రజ్ఞుడి పద్ధతీ, మా తంతి తాతగారి అనుభవమూ ఒకే మాట పలకడం నాకు గొప్ప ధైర్యమిచ్చింది.

ఇక్కడ నాకు తోడుపడినది మరొకటి ఉంది. నేను చదివింది ఒడియా బడిలో, ఆ తరువాత ఇంగ్లీషు కళాశాలలో. తెలుగు చదువు మాత్రం అమ్మమ్మ దగ్గరే అబ్బింది. ఆమె పద్యాలు చెప్పించేటప్పుడు గురులఘువులు గుర్తింపజేసి, యమాతారాజభానసలగం అని గణాలు వల్లె వేయించేది. మోర్సులో మూడేసి శబ్దాల అక్షరాలు ఎనిమిది. మూడక్షరాల గణాలూ ఎనిమిదే. లఘువును చుక్కగా, గురువును గీతగా తీసుకుంటే య గణం డబ్ల్యూ అవుతుంది, మ గణం ఓ, త గణం జి, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, న గణం ఎస్, స గణం యు. ఒక్కటీ మిగలదు, ఒక్కటీ తగ్గదు. ఆపదలో పంపే ఎస్ ఓ ఎస్ మనకు న, మ, న గణాలు. తేడా ఒక్క చోట ఉంది: గురువుకు రెండు మాత్రలయితే, మోర్సు గీతకు మూడు చుక్కల కాలం పట్టాలి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కల మౌనం, మాటకూ మాటకూ మధ్య ఏడు. ఆ ఒక్క మాత్ర ఎక్కువ నిలపడం చేతికి రావడానికి కొంత కాలం పట్టింది కాని, అక్షరం మొత్తాన్ని ఒక నడకగా వినడం అమ్మమ్మ పుణ్యమా అని నాకు ముందే వచ్చు. తాతగారికి ఇది చెప్పినప్పుడు ఆయన ఎనిమిది గణాలనూ వరసగా బల్ల మీద కొట్టి చూసుకుని, “ఇన్నేళ్ల సర్వీసులో నాకీ సంగతి తట్టలేదమ్మా” అన్నారు.

రాత పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రేడియో సిద్ధాంతం: ఓం సూత్రం, అనునాదం, ట్రాన్సిస్టర్లు, మాడ్యులేషను, ఏరియళ్లు, తరంగాలు ఆకాశంలో పైపొరలకు తగిలి వంగి దిగడం. సైన్సు చదివిన వారికి ఇది కష్టం కాదు. రెండోది నిబంధనలు. సంగీతం ప్రసారం చేయరాదు, వ్యాపార సందేశాలు పంపరాదు, రహస్య సంకేతాలు వాడరాదు, మాట్లాడిన ప్రతి స్టేషనునూ లాగ్ పుస్తకంలో రాయాలి. వీటితో పాటు క్యూ కోడులనే మూడక్షరాల సంక్షిప్తాలు నోటికి రావాలి. దొరికిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉండటంతో, ఒక్కొక్క నిబంధననూ తెలుగులో నా మాటల్లో రాసుకుని చదివాను. అర్థమైనదీ కానిదీ అప్పుడే తేలేది.

దరఖాస్తు సరళ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో చేయాలి. సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలు ఇక్కడ ఒక సంగతి ముందే చూసుకోవాలని నా మనవి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడిశా బడుల్లో దాన్ని చివర రాస్తారు. నా మెట్రిక్ సర్టిఫికెట్టులో ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో ముందు, అదీ పొడి అక్షరంగా ఉంది. రెండు పత్రాలూ ఒకే మనిషివని రుజువు చేయడానికి నోటరీ అఫిడవిట్ చేయించి, ఆధార్ సరిదిద్దించుకునేసరికి ఒక సెలవుల కాలం గడిచిపోయింది. ఉద్యోగాలకూ స్కాలర్‌షిప్పులకూ ఇదే చిక్కు వస్తుంది కనుక, పిల్లలు పదో తరగతి ఫారం నింపే నాడే తల్లిదండ్రులు జాగ్రత్తపడితే చాలా శ్రమ తప్పుతుంది.

పరీక్ష విశాఖపట్నంలో రాశాను. గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజరులో నాన్నగారు తోడు వచ్చారు. రాత పరీక్ష సాఫీగా సాగింది. మోర్సు వినేటప్పుడు మొదటి మాటలో ఒక అక్షరం జారిపోయింది. జారిన దాని కోసం వెనక్కి చూడకుండా ఖాళీ వదిలి ముందుకు పోవాలని తాతగారు పదే పదే చెప్పి ఉన్నందువల్ల మిగతాది నిలిచింది. ఉత్తీర్ణులైన వారికి ఇచ్చే ఆపరేటరు సర్టిఫికెట్టు వేరు, స్టేషను పెట్టుకునే లైసెన్సు వేరు. దానికి మళ్లీ దరఖాస్తు చేయాలి. నేను తీసుకున్న నాటికి ఇరవై ఏళ్ల లైసెన్సుకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000 రూపాయలు రుసుము. చివరికి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో నా స్టేషనును గుర్తించే పేరు, నా పేరు మీద వచ్చింది.

లైసెన్సు వచ్చినా సెట్టు కొనే స్థోమత మాకు లేదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే సెట్టు గురించి అప్పటికే చదివాను. తేలికగా దొరికే విడిభాగాలతోనే చేసుకోవాలనే పట్టుదలతో, విదేశీ రింగులకు బదులు కుళాయి వాషర్ల మీద తీగ చుట్టి కాయిల్సు చేసే పద్ధతిని ఆయన మొదటి నమూనాలో చూపించారు. ఆ డ్రాయింగు ఎవరైనా చూసుకునేలా నెట్టులో ఉంది. దాన్ని చూసి, మోర్సు పంపేందుకు తగినంత మార్పుతో, కొన్ని వాట్ల సెట్టు నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. ఏరియల్ కోసం మోటారు వైండింగ్ దుకాణంలో రాగి తీగ కొని, 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు సరిపడేలా అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు మేడ మీది నుంచి కొబ్బరి చెట్టుకు కట్టాం. పిడుగును పిలుస్తుందేమోనని పక్కింటివారు అడ్డు చెప్పారు. వారి భయంలో తప్పు లేదు. ఎర్తు ఎలా దించామో, ఉరిమే వేళ తీగను ఎలా విప్పి బయట పడేస్తామో చూపించాక ఒప్పుకున్నారు.

మోర్సు కొట్టే కీ నాన్నగారు చేసి ఇచ్చారు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. మా ఇంట్లో మూడు తరాలుగా అదే వృత్తి. కొమ్మును కాచి మెత్తబరచి, ఆకురాయితో అరగదీసి, మెరుగు పెట్టి, నా వేళ్లు పట్టేంత గుండీ చేసి ఇత్తడి పట్టీకి బిగించారు. బజారులో దొరికే కీలు ఆ తరువాత చూశాను. ఇంత చక్కగా చేతికి అమరేది ఒక్కటీ కనిపించలేదు.

మొదటిసారి రాత్రి పూట పిలుపు పంపినప్పుడు బదులు పలికింది బెంగళూరు స్టేషను. నా శబ్దం ఎంత బలంగా అందుతున్నదో అంకెల్లో చెప్పి, పేరూ ఊరూ అడిగారు. మా ఊరి పేరు ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు. ఒక్కొక్కటీ నిదానంగా పంపాను. ఆయన మొత్తం తిరిగి పంపి సరిచూసుకుని, వీడ్కోలు సంకేతమైన 73 కొట్టారు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆయన ఏమన్నారో లాగ్ పుస్తకంలో నేను రాస్తుంటే తలవంచి చదివింది.

2025 జూలైలో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలో విద్యార్థులతో మాట్లాడిన తరువాత, మా పేట పిల్లలు తామే అడుగుతూ మేడ మీదికి వస్తున్నారు. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున పోయే ఆ కేంద్రం మా ఊరి మీదికి ఎప్పుడు వస్తుందో ఫోనులో చూసుకుని, 145.800 మెగాహెర్ట్జ్ మీద కాచుకుని కూర్చుంటారు. అది చిత్రాలు పంపే రోజుల్లో ఆ శబ్దాన్ని ఫోనుకు వినిపిస్తే, రెండు నిమిషాల్లో తెర మీద గీత తరువాత గీతగా బొమ్మ విచ్చుకుంటుంది. పూర్తి దృశ్యం రాక ముందే కేంద్రం దిగంతానికి చేరి, బొమ్మ సగంలో చెదిరిపోవడమూ ఉంటుంది. పిల్లలు సగం బొమ్మనూ దాచుకుంటారు.

వారి కోసం నా పాత నోట్సును శుభ్రమైన తెలుగులో తిరగరాస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయులుగా ఉండి, సవర పిల్లలకు సవర భాషలోనే పాఠాలు రాసిన ఊరు ఇది. ఇక్కడి తెలుగు పిల్లలకు తెలుగులో ఒక పరీక్ష పుస్తకం లేకపోవడం నాకు సరిపడలేదు. నిబంధనల భాగం పూర్తయింది, సిద్ధాంతంలో ఏరియళ్ల వరకూ వచ్చాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి అక్షరాలన్నీ వచ్చేశాయి, అంకెలు మిగిలాయి. బడి పరీక్షలయ్యాక ఆమె దరఖాస్తు వేస్తుంది. ఇంటిపేరు రెండు పత్రాల్లోనూ ఒకే చోట ఉన్నదని ఇప్పటికే చూసుకున్నాం.