మిగ్‌జాం తుపాను పారావ్యూలో: ఈ విడత ప్రాంతం కోత, చూపు కోణం

పారావ్యూ డేటాని త్రీడీ బొమ్మలుగా చూపే సాఫ్ట్‌వేర్. గత విడతకి అందులో తుపాను డేటా ఫైలు తెరుచుకుంది, గాలి బాణాలు కనిపించాయి. ఈ విడత పనులు రెండు. చెన్నై నుంచి బాపట్ల దాకా తీరాన్నీ, దాని ముందున్న సముద్రాన్నీ మాత్రమే కోసి తీయాలి. 96 గంటల బొమ్మలూ ఒకే కోణం నుంచి రావాలి.

డేటా ఈఆర్ఏ5 (గడిచిన వాతావరణాన్ని గళ్లవారీగా తిరిగి లెక్కించిన డేటా), 2023 డిసెంబరు 2 నుంచి 5 వరకు, గంటకొకటి. అక్షాంశం 8–18, రేఖాంశం 76–86, బిందువుల మధ్య దూరం 0.25 డిగ్రీ. పొరకి 41 × 41, అంటే 1681 బిందువులు. పొరలు ఏడు, గాలి పీడనాన్ని బట్టి: 1000 (నేల దగ్గరిది), 925, 850, 700, 500, 300, 200 (అన్నిటికంటే పైది) హెక్టోపాస్కల్. ఫైలు తెరవగానే స్ఫెరికల్ కోఆర్డినేట్స్ టిక్కు తీసేయాలి. ఉంచితే గోళం మీద వంగిన ముక్క వస్తుంది, కింద ఇచ్చిన కెమెరా అంకెలేవీ అతకవు.

కోతకి ఎక్స్‌ట్రాక్ట్ సబ్‌సెట్ అనే ఫిల్టర్ (డేటా మీద ఒక పని చేసే పనిముట్టు) వాడాలి. ఇందులో అడిగేది డిగ్రీలు కాదు, సున్నా నుంచి లెక్కపెట్టే వరుస సంఖ్యలు. రేఖాంశం 79–83 కావాలంటే (79 − 76) ÷ 0.25 = 12, అలాగే 28. ఇక్కడిదాకా చిక్కు లేదు. చిక్కంతా అక్షాంశంతోనే. ఈఆర్ఏ5 ఫైల్లో అది ఉత్తరం నుంచి దక్షిణానికి, 18 నుంచి 8కి దిగుతుంది. కాబట్టి 12–16 డిగ్రీలకి 8 నుంచి 24 ఇవ్వాలి. ఫైలు ముందే సీడీఓ అనే వాతావరణ డేటా పనిముట్టులోని ఇన్వర్ట్‌లాట్ ఆదేశంతో తిరగేసి ఉంటే అదే 8–24కి 10–14 డిగ్రీల ముక్క వస్తుంది. చెన్నై అందులో ఉంటుంది గనక తప్పు వెంటనే కంటపడదు. తుపాను తీరం దాటిన బాపట్ల మాత్రం బయటికి పోతుంది. తిరగేసిన ఫైలుకి సరైన సంఖ్యలు 16–32. అప్లై నొక్కాక ఇన్ఫర్మేషన్ ప్యానెల్లో బౌండ్స్ చూసి, Y 12 నుంచి 16 అని ఉంటేనే ముందుకెళ్లాలి.

ఇప్పుడు పొరకి 17 × 17, అంటే 289 బిందువులు. డిసెంబరు 4న నీళ్లలో ఉన్న చెన్నై పేటలు వేళచ్చేరికీ, మైలాపూరుకీ దగ్గరి బిందువు ఒక్కటే: 13.0, 80.25. పేటల స్థాయి వానని ఈ డేటాలో వెతకకూడదు.

క్లిప్ అనే ఫిల్టర్‌తోనూ కోయొచ్చు, డిగ్రీలే ఇవ్వొచ్చు. కానీ క్లిప్, థ్రెషోల్డ్ (ఇచ్చిన హద్దులో ఉన్న విలువలనే ఉంచే ఫిల్టర్) దాటాక డేటా అన్‌స్ట్రక్చర్డ్ గ్రిడ్ (వరుస సంఖ్యలు లేని గళ్లు) అయిపోతుంది. కంప్యూటర్ మెమరీ ఎక్కువ తింటుంది, దాని మీద ఎక్స్‌ట్రాక్ట్ సబ్‌సెట్ పనిచేయదు. అందుకే సబ్‌సెట్ ముందు. గాలి వేగం సెకనుకు 17.5 మీటర్లు దాటిన చోట్లకి థ్రెషోల్డ్ ఆ తర్వాతే.

ఎత్తు సంగతి. Z అక్షం మీద ఉన్నవి పీడనం అంకెలు, 200 నుంచి 1000. అడ్డం మాత్రం 4 డిగ్రీలే. అలాగే వదిలితే సన్నటి స్తంభం కనిపిస్తుంది, అదీ తలకిందులుగా. ట్రాన్స్‌ఫార్మ్ ఫిల్టర్లో Z స్కేల్ −0.005 పెడితే 1000 పొర −5 దగ్గర, 200 పొర −1 దగ్గర కూర్చుంటాయి. 200 పొర ఎత్తు సుమారు 12 కిలోమీటర్లు, 4 డిగ్రీలు దాదాపు 440 కిలోమీటర్లు. అంటే నిలువు సుమారు 36 రెట్లు సాగింది. ఈ మాట బొమ్మ మీద రాయకపోతే చూసేవాళ్లకి తుపాను గోపురంలా అనిపిస్తుంది. పైగా సాగుడు అంతటా సమానం కాదు, కింది పొరలే ఎక్కువ సాగుతాయి.

కెమెరాని మౌస్‌తో తిప్పి కుదుర్చుకుంటే ఆ చూపు మళ్లీ దొరకదు. అడ్జస్ట్ కెమెరా పెట్టెలో అంకెలే వేయాలి: ఫోకల్ పాయింట్ (కెమెరా చూసే చోటు) 81, 14, −3, పొజిషన్ (కెమెరా ఉండే చోటు) 90, 5, 6, వ్యూ అప్ (పై దిక్కు) 0, 0, 1. బంగాళాఖాతం మీద ఆగ్నేయం నుంచి తీరం వైపు, దాదాపు 35 డిగ్రీల పై నుంచి చూసినట్టు వస్తుంది. వ్యూ యాంగిల్ 30 ఉంటే ముక్క మొత్తం చట్రంలో పడుతుంది. ఎత్తులు పోల్చాలంటే పారలల్ ప్రొజెక్షన్ (దూరాన్ని బట్టి సైజు మారని చూపు) పెట్టి, పారలల్ స్కేల్ 3.5 ఇవ్వాలి. ఆ స్థితిలో కెమెరాని దగ్గరికి జరిపినా బొమ్మ పెద్దదవదు, స్కేలే మార్చాలి. కుదిరాక అదే పెట్టెలో సేవ్ నొక్కితే పీవీసీసీ (కెమెరా అమరిక) ఫైలుగా మిగులుతుంది.

ఆ తర్వాత కెమెరా రీసెట్ బటన్ జోలికి పోకూడదు. కనిపిస్తున్న వస్తువులన్నిటినీ కలిపి అది కొత్త కేంద్రం లెక్కేస్తుంది. దేశం మొత్తం తీరరేఖ తెర మీద ఉంటే మన ముక్క మూలకి పోయి చుక్కంత అవుతుంది. తీరరేఖ పక్కనున్న కన్ను గుర్తు ఆర్పి, అప్పుడు జూమ్ టు డేటా వాడితే ఆ గొడవ లేదు.

తీరం దాటింది డిసెంబరు 5 మధ్యాహ్నం 12:30–2:30 మధ్య. ఫైల్లో సమయం యూటీసీ, మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక. కాబట్టి చూడాల్సినవి 7, 8, 9 గంటలు, సున్నా నుంచి లెక్కిస్తే 79, 80, 81 టైమ్ స్టెప్పులు. ఈ మూడిటికీ రంగుల పట్టీని ఒకే హద్దులతో బిగించాం. ప్రివ్యూ 1920 × 1080లో పెట్టాకే సేవ్ చేశాం, లేకపోతే కిటికీ వెడల్పు మారినప్పుడల్లా పక్క అంచులు మారుతున్నాయి. మిగిలింది తీరరేఖని −5 ఎత్తుకి దించడం. ప్రస్తుతానికి అది సున్నా దగ్గర, అన్ని పొరలకీ పైన తేలుతోంది.